అల్లుడు తెచ్చిన స్పీకర్లు

అల్లుడు తెచ్చిన వస్తువుకు అత్తగారింట్లో వంక పెట్టడమా! ఆళ్లగడ్డలో అంత సాహసం ఎవరూ చేయరు. ఆ మర్యాదే ఈసారి కొంప ముంచింది.

జీవన్ కుమార్ మామ కృపావరానికి తన వాల్వ్ ఆంప్లిఫయరంటే ప్రాణం. గాజు బుడ్లు ఎర్రగా వెలిగే ఆ పెట్టెను వయసులో ఉన్నప్పుడు తన చేత్తోనే కట్టుకున్నాడు. దాని పాత స్పీకర్లను ఎలుకలు కొరికేస్తే, జీవన్ నంద్యాల నుంచి సన్నగా, నాజూగ్గా ఉన్న కొత్త జత తెచ్చి బిగించాడు. అందరూ కూర్చుని పాట విన్నారు. "బాగుంది, బాగుంది" అన్నారు. మామ మాత్రం తలూపి ఊరుకున్నాడు.

వారం తిరక్కుండానే భార్య దీవెన పిడుగులాంటి మాట చెప్పింది. "నాయన చర్చిలో పాటలు మానేస్తాడంట. చెవులు పోయినాయంట."

ఆ చర్చిలో పాట ఎత్తుకునేది మామే. పాట లేకపోతే ఆ మనిషికి ఆదివారమే లేదు. నంద్యాలలో చెవుల డాక్టరుకు చూపిద్దామని జీవన్ కారేసుకుని ఆళ్లగడ్డకు పరుగెత్తాడు.

మామ చొక్కా తొడుక్కుని దిగాలుగా కూర్చుని ఉన్నాడు.

"ఏమైంది మామా?"

"ఏం చెప్పేదప్పా. ఆ కొత్త స్పీకర్లలో పాటైతే వచ్చింది గానీ డోలు దెబ్బే వినపడలా. సౌండు పెంచితే బరబరమంటాంది. మీరంతా బాగుందంటిరి. ఇంగ నా చెవులు పోయినట్టే గదా."

జీవన్ నాలుక కరుచుకున్నాడు. ఆ రోజు డోలు తనకూ వినపడలేదు! ఆంప్లిఫయర్ ముసలిదైపోయిందనుకున్నాడు. చేత్తో కట్టిన మనిషి మొహం మీద ఆ మాట అనలేక మెచ్చుకున్నాడు. ఇంకా దాస్తే పాపం.

"నాకూ వినపడలా మామా. ఆంపు పాతబడిందేమో అనుకున్నా."

అత్త ఎస్తేరు వంటింటి తలుపు దాకా వచ్చింది. "నాకూ అంతే. అల్లుడు తెచ్చినాడని నోరు మూసుకున్యా."

మామ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "అంటే నా చెవులు బాగుండాయా?"

"బంగారంగా ఉండాయి మామా."

ఆయన ఫక్కున నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. జీవన్‌కు ప్రాణం లేచొచ్చింది.

"ఆంపుకు ముసలితనమేందప్పా!" మామ గొంతులో పాత జోరు వచ్చేసింది. "అది ఇచ్చేది ఎనిమిది వాట్లే. నీ స్పీకర్లు కదలాలంటే యాభై కావాల. లేగదూడను కట్టి రాళ్లబండి లాగమంటే అదేం చేస్తాది? తక్కువకే గొంతిప్పే స్పీకర్లు కావాల దానికి. పా, నంద్యాలకే పోదాం. డాక్టరుకాడికి కాదు."

సాయంత్రానికి, వెడల్పాటి కాగితపు కోన్లున్న రెండు పాత స్పీకరు పెట్టెలు బీరువాల్లా ముందుగదిలో నిలబడ్డాయి. మామ సౌండు సగం కూడా పెంచలేదు. డోలు దెబ్బకు కిటికీ రెక్క అదిరింది. జీవన్ హాయిగా వెనక్కి వాలాడు.

వంటింట్లో అత్త తనలో తాను గొణుక్కుంది. "మనుషులకు చోటే లేకుండా చేసినాడు ముసలోడు."

"వినపడతాందే!" సంతోషం పట్టలేక ముందుగదిలోంచి కేకేశాడు మామ. "డోలు మోగతాన్నా వినపడతాంది! ఆదివారం పాట నేనే ఎత్తుకుంటానని పాస్టరుకు చెప్పు!"