కబురు రాని తీగ

మానస స్కూటీ ఆపేసరికి పొక్లెయిన్ గెడ్డ గట్టు మీద, బకెట్టు నేలకి ఆనించి, అలిగి మేత ముట్టని ఎద్దులా నిలబడి ఉంది. ఆ వాగులో సగందాకానే పూడిక తీశారు. మిగతా సగం గుర్రపుడెక్క దట్టంగా పరుచుకుని ఉంది. అవతలి గట్టున జీడితోట, దాని వెనక కొబ్బరిచెట్లు, వాటికీ అవతల సముద్రం హోరు.

"నువ్వేనా అమ్మీ, టెక్కలి నుంచొత్తాదన్న మెకానిక్కు?" బండి నీడలోంచి లేచాడు ధర్మారావు. ఆ బండి కొన్ననాటి నుంచీ దానికి అతనే ఆపరేటరు. "మీ కంపినీలో మీసాలున్నోల్లు అయిపోనారేటి?"

"ఆల్లు రెండుసార్లు వొచ్చి ఎల్లేరు గదా మావా. మీసాలతో అవ్వలేదనే నన్ను పంపేరు."

ధర్మారావు నవ్వాడు గానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

"నవ్వులాట కాదమ్మీ. సాయంత్రానికి ఇది నడవకపోతే రేపు ట్రైలరెక్కించేత్తానన్నారు కంట్రాక్టరు బాబు. అమ్మేత్తారట. కొత్త బండి మీదికి కుర్రోడిని మాటాడేసేరు. ఈ వొయిసులో నన్నింకెవులు పిలుత్తారు?"

మానస క్యాబిన్‌లోకి ఎక్కి తాళం తిప్పింది. ఇంజిన్ అందుకుంది. వేగం పెంచబోతే మాత్రం గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు వణికి, మళ్లీ అడుక్కి పడిపోయింది. తెర మీద పసుపురంగు దీపం, దాని కింద అంకెల కోడ్. ల్యాప్‌టాప్ తగిలిస్తే ఆ కోడ్ అర్థం మాటల్లో వచ్చింది. డీజిల్ ప్రెషర్ ఎంతుందో చెప్పే సెన్సార్ నుంచి సిగ్నల్ సరిగా లేదు. ప్రెషర్ సంగతి తెలియక, ఇంజిన్ కంప్యూటర్ జాగ్రత్తకి బలం తగ్గించేస్తోంది.

మొదట వచ్చినవాళ్లు కోడ్ చూసి సెన్సార్ మార్చారు. తర్వాత వచ్చినవాళ్లు ఆ కొత్తదాన్నీ మార్చారు. మానసకి అక్కడే అనుమానం. కోడ్ వెలిగినంత మాత్రాన సెన్సార్ పోయినట్టు కాదు, అక్కడినుంచి కబురు అందడం లేదని అర్థం. ఊరినుంచి కబురు రాకపోతే ముందు దారి ఎలా ఉందో చూడాలి కదా. అందుకే సెన్సార్ జోలికి పోకుండా దాని తీగ పట్టుకుని బయల్దేరింది.

ధర్మారావు టార్చి పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. ఊరుకోలేక మాట్లాడుతూనే ఉన్నాడు.

"తిత్లీ తుఫానెల్లిన మర్నాడు ఈ బండితోనే అమ్మీ, ఊరూరికీ దారి సేసింది. ఎక్కడ సూసినా పడిపోయిన కొబ్బరిసెట్లే. మంచినీల్లు లేవు. సెట్టు తీసినప్పుడల్లా ఆ పడిపోయిన సెట్టు బొండమే కొట్టి సేతికిచ్చేవోరు. తోట పోనాదని ఏడుత్తానే, తాగు బాబూ అనేవోరు. ఆ నీల్లు గొంతు దిగేవి కావు."

మీటరు సూదిని ప్లగ్గు వెనకనుంచి ఆనిస్తే ఐదు వోల్టులూ నిక్షేపంగా చూపిస్తోంది. ప్లగ్గు ఊడదీసి ముందువైపు చూస్తే ఒకసారి చూపిస్తోంది, ఒకసారి లేదు. కరెంటు ఇంత దూరం వచ్చి, బొటనవేలంత ప్లగ్గులో ఆగిపోతోంది.

"టార్చి ఇలా ఎయ్యి మావా."

ప్లగ్గు లోపల గోధుమరంగు పొర ఒకటి, వార్నీషు వేసినట్టు నిగనిగలాడుతోంది. మానస దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది.

ఆ వాసన తగలగానే గెడ్డా, పొక్లెయినూ పక్కకి తప్పుకున్నాయి. పలాసలో రైలుపట్టాల పక్క రేకుల ఇల్లు. గడపలో తను. జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టి అమ్మ చిన్నతల్లి ఇంటికి వచ్చేది. వేళ్లు నల్లగా, కొసల్లో తోలు ఊడి ఉండేవి. బూడిదతో తోమినా, ఆముదం రాసినా ఆ జీడి వదిలేది కాదు. ఆ చేత్తో ముద్ద పెడితే పిల్ల మూతి పొక్కిపోతుందని అమ్మ చెంచాతో తినిపించేది. పక్కింటి కీర్తికి వాళ్లమ్మ ముద్దలు చేసి పెడుతుంటే, మానస చెంచా కొరికి పట్టుకుని ఏడ్చేది. అమ్మ మొహం తిప్పుకునేది.

"మావా, దీనికి జీడి తొక్క నూనె రాసేవా?"

"రాసేను మరి!" ధర్మారావు గొప్పగా అన్నాడు. "ఇంజిన్ కాడ ఎచ్చగుంటాదని ఎలికలు గూడెట్టేసి తీగలు కొరికేత్తన్నాయి. మా అయ్య తెప్పకి రాసేవోడు, మేం గుమ్మాలకి రాత్తాం. సెద పట్టదు, పురుగు ముట్టదు. ఈ ప్లగ్గు మూతి కొరికేసుంటే ఊడదీసి లోపల కూడా దండిగా పోసేను. ఆ తరవాత ఒక్క ఎలికొత్తే ఒట్టు..." వంగి ప్లగ్గులోకి చూశాడు. "అదేనేటి?"

"అదే. ఇంజిన్ సెగకి మెల్లగా గట్టిపడిపోనాది. పిన్నుల మద్దిన గోడ కట్టేసింది."

"అయితే నానే సంపేసేనన్నమాట దీన్ని."

"సావలేదు మావా. గొంతు పూడిపోనాదంతే. కిరసనాయిలుందా?"

చేతి తొడుగులు మందంగా ఉండి పని సాగనివ్వలేదు. వాటిని తీసి పక్కన పడేసింది. పాత పళ్లబ్రష్షుతో, సన్నటి సూదితో, కిరసనాయిలు తడిపిన గుడ్డ పీలికతో ఒక్కో పిన్నూ గీకింది. పొర బంకలా సాగి వేళ్లకి అంటుకుంది. చివరికి మీటరు ముందువైపు కూడా ఐదు చూపించి, అక్కడే నిలబడింది.

ప్లగ్గు బిగించి, కోడ్ చెరిపేసి, "ఎక్కు మావా" అంది.

ఇంజిన్ ఈసారి గొంతు విప్పి అరిచింది. గెడ్డలో కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. బకెట్టు లేచింది, దిగింది, గుర్రపుడెక్కని పెళ్లలు పెళ్లలుగా ఎత్తి గట్టున పోసింది. పసుపు దీపం మళ్లీ వెలగలేదు.

ఆ చప్పుడు దూరంనుంచే విన్నట్టున్నాడు, కంట్రాక్టరు ఉమామహేశ్వరరావు మోటారుసైకిలు గట్టు మీదికే తోలుకొచ్చాడు.

"ఏటమ్మా అయ్యింది? ఎవుడి తప్పు?"

మానస మీటరు తీగలు చుట్టసాగింది. ఈలోగా క్యాబిన్‌లోంచి ధర్మారావు కేకేశాడు.

"నాదే బాబూ! ఎలికలకని ప్లగ్గులో జీడి నూనె పోసేను."

ఉమామహేశ్వరరావు బండినీ, దాని మీది మనిషినీ మార్చి మార్చి చూశాడు.

"ఇంకెక్కడెక్కడ పూసేవురా?"

"తీగలన్నిటికీ బాబూ. లోపల మాత్తరం అదొక్కటే."

"తీగలన్నీ బాగున్నాయి సార్," అంది మానస. "నూనె రాసేక ఎలికలు ఒక్కటీ కొరకలేదు."

అతను తల పంకించాడు. "మా నాయన ఇంటి దూలాలకి పూయించేవోడు. ఇప్పటికీ సెద పట్టలేదు." తర్వాత గొంతు పెంచాడు. "సూత్తావేటి? వోనలొచ్చీసేలోగా అవతల కొసదాకా లాగు."

"మరి ట్రైలరో బాబూ?"

"ఏం ట్రైలరు! నువ్వు దిగిపోతే దీనికి ఎలికలు పడతాయి."

ఇంటికి చేరేసరికి మానస వేళ్లు మంటలెత్తుతున్నాయి, కొసలు పొక్కుతున్నాయి. చిన్నతల్లి ఆ చేతులు దీపం కిందికి లాక్కుని చూసింది. ఫ్యాక్టరీకి మిషన్లు వచ్చాక ఆమె పని మానేసి చాలా ఏళ్లయింది.

"ఏటే ఇది? నాను మానేత్తే నువ్వెల్లేవేటి పిక్కలు కొట్టడానికి?"

ఆముదం రాసి, తన చేతులు కడుక్కుని, కంచంలో అన్నం పెట్టింది. మానస చెంచా కోసం చెయ్యి చాపింది. చిన్నతల్లి ఆ చెంచా తీసి వెనక్కి పెట్టేసి, తనే చారన్నం కలిపింది.

"నోరు తెరు," అంది. తర్వాత ముద్ద కేసి చూసి, ఇంకాస్త అన్నం కలుపుకుంది. "పెద్దదానివైపోనావు. సిన్న ముద్దలు సాలవు."