ఎనభై అడుగుల ప్రభ పోయిన దారి

మా క్లయింటు శేషమ్మగారికి పొద్దుటి నుంచీ ఒకటే మాట నూరిపోశాను. "కోర్టులో విన్నది చెప్పకు పెద్దమ్మా, చూసిందే చెప్పు." "అట్టాగే అమ్మాయ్" అని తలూపి, బోనెక్కగానే ఆవిడ మొదలుపెట్టింది: "మా అత్త చెప్పేది సార్, ఈ దారి మా తాతల నాటిదంట." నాకు ఒళ్ళు మండింది.

అవతలి వకీలు ఆనంద్ లేచాడు. "పోయిన అత్తగారిని నేనెట్లా ప్రశ్నించేది సార్?" జడ్జిగారు ఆ మాట రాయించలేదు.

నరసరావుపేట పక్క పల్లెలో శేషమ్మగారి మూడెకరాల మిరప చేనుకు మస్తాన్‌రావు పొలం మీదుగానే దారి. పోయినేడు అతను కంచె వేసి, మనిషి నడిచేంత సందు వదిలాడు. అది ఎప్పుడూ కాలిబాటేనని అతని వాదన. బండి దారని రుజువు కాకపోతే ఈ డెబ్బై ఏళ్ళ మనిషి కాయల బస్తాలు రోడ్డుదాకా కూలీల నెత్తిన మోయించుకోవాల్సిందే. నాకు భయంగానే ఉంది.

"ఆ దారిన బండి పోవడం మీ కళ్ళతో చూశారా?" అన్నాడు ఆనంద్.

"చూడకేం! శివరాత్రికి మా ఊరి ప్రభ కోటప్పకొండకి ఆ దారినే పోయిద్ది. చక్రాల కింద నీళ్ళు పోసింది నేనే గదా."

"ప్రభకీ ఈ దావాకీ ఏం సంబంధం సార్? తీసెయ్యాలి."

జడ్జిగారు కలం పక్కన పెట్టారు. "దారి వెడల్పే కదా తగవు. ప్రభ బండి పట్టిందంటే సంబంధం ఉన్నట్టే. పైగా ఆవిడ స్వయంగా చూసింది. ఉంచండి."

నాకు ఈల వేయాలనిపించింది. ఆనంద్ వదల్లేదు. "పిల్లలు భుజాన మోసే బుల్లి ప్రభ అయ్యుంటుంది."

"బండి మీద వెదుళ్ళతో గోపురంలా కట్టిందే బాబూ. అరవై అడుగుల ఎత్తుండుద్ది."

వెనక బల్ల మీంచి మస్తాన్‌రావు దిగ్గున లేచాడు. "అరవై ఏంది పిన్నీ! ఎనభై! ఒరక్కుండా ముందు మోకు పట్టింది నేను!"

కోర్టంతా గొల్లుమంది. ఆనంద్ తల పట్టుకున్నాడు. "బోనులో లేని మనిషి మాట సాక్ష్యం కాదు సార్."

"కాదు," అన్నారు జడ్జిగారు నవ్వాపుకుంటూ. "వచ్చే వాయిదాకి ఎక్కించండి. ప్రమాణం చేసి చెబుతారు."

బయట టీ బండి దగ్గర మస్తాన్‌రావు తన వకీలు మీద ఎగురుతున్నాడు. "మా ప్రభ పోలేదని బోనులో నా నోటితో చెప్పాలా? ఊళ్ళో తలెత్తుకు తిరగొద్దా?" ఆఖరికి నా దగ్గరికొచ్చి, కంచె తీసేస్తానన్నాడు. ఒకటే షరతు: రాజీ కాగితంలో ప్రభ ఎనభై అడుగులని ఉండాలి.

ఆ ఎత్తుకీ కేసుకీ ఏ సంబంధమూ లేదు. అయినా మొదటి వరుసలోనే రాశాను. ఆనంద్ చదివి, నా వంక చూసి, అభ్యంతరం చెప్పకుండా సంతకం పెట్టాడు.

శేషమ్మగారు వేలిముద్ర వేయబోతూ ఆగింది. ప్రభ ఎత్తు ఎంత రాశావని అడిగింది. చెప్పాను.

"మస్తాను చెప్పాడని చేర్చు అమ్మాయ్," అంది. "నే చూసింది కాదు గదా."