కడగకూడని స్పాంజి

మరదలికి శుభ్రమంటే పిచ్చి. ఆ పిచ్చికి జీతమిచ్చేవాళ్ళు కూడా దొరికారు. పళ్ళ డాక్టరు దగ్గర పరికరాలన్నీ కడిగి, ఆవిరిలో పెట్టి, తళతళలాడించడమే ఆమె ఉద్యోగం. ఆమె చేతికి చిక్కిన వస్తువేదీ కడిగించుకోకుండా బయటపడలేదు.

అలాంటి మనిషి నడుం ఆపరేషనై మంచాన పడితే, భర్త అక్క, అంటే ఆమెకు వదిన, ఒక్క పెట్టెతో దిగింది. మరదలు లేచి తిరిగేదాకా కదల్లేదు. తల దువ్వింది, మందులు మింగించింది, పేకాటలో దొంగాట ఆడి మరీ నవ్వించింది. మరదలి కూతుర్ని పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిందీ ఆవిడే. అక్కడి చేపల తొట్టి ముందు నిలబడితే వదిన ఇక పిలిచినా పలికేది కాదట. "నాకంటూ ఓ ఇల్లుంటే ఇలాంటిది పెట్టుకునేదాన్ని," అందట ఒకసారి.

ఇప్పుడు వదిన వీధి చివర ఇల్లు అద్దెకు తీసుకుంది. ఆదివారం దిగుతుంది. ఆవిడ అడుగుపెట్టేసరికి ఆ ఇంటి హాల్లో చేపలు ఈదుతుండాలని మరదలి పట్టుదల. అంత చేసిన మనిషికి ఇన్నాళ్ళూ నోరు తెరిచి ఒక్క మంచి మాట చెప్పలేకపోయింది. ఆ మాటకు బదులే ఈ తొట్టి.

కొత్త నీళ్ళలో చేపల్ని వదిలితే చస్తాయని డాక్టరు ముందే చెప్పాడు. వాటి మలినమే నీళ్ళలో విషమవుతుంది. ఆ విషాన్ని తినే సూక్ష్మజీవులు ముందు ఫిల్టరులో పెరగాలి, అందుకు వారాలు పడుతుంది. పని తొందరగా అవ్వాలని క్లినిక్ తొట్టిలోంచి జిగురు పట్టిన పాత స్పాంజి తీసి ఇచ్చాడాయన. "వాటి కాపురమంతా దీంట్లోనే ఉందమ్మా. ఉన్నదున్నట్టు మీ ఫిల్టరులో పెట్టెయ్యండి. కడగొద్దు."

మరదలు బుద్ధిగా తలూపింది. కానీ ఎదురుగా సింకు, చేతిలో మురికి. ఆ చేతులు ఎవరి మాటా వినేవి కావు. తేరుకునేసరికి వేడినీళ్ళూ సబ్బూ అయిపోయాయి, స్పాంజి కొన్ననాటికంటే తెల్లగా ఉంది.

సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. దాన్నే ఫిల్టరులో పెట్టి, సూక్ష్మజీవులు పెరగడానికి రోజూ చిటికెడు చేపల మేత వేసి, గాజు గొట్టంలో నీళ్ళు తీసి మందు చుక్కలు కలిపి చూసేది. పసుపు రంగొస్తే విషం పోయినట్టు. శనివారం కూడా ఆకుపచ్చే వచ్చింది.

"కొనేద్దాం పద, ఏం కాదులే," అన్నాడు భర్త. కొట్టుకు వెళ్ళారు. చేపలున్న సంచి చేతిలోకి వచ్చాక ఆమె ఆగిపోయింది. వదిన కళ్ళముందే ఇవి తేలిపోతే? సంచి తిరిగిచ్చేసి, నేరుగా డాక్టరు దగ్గరికెళ్ళి చేసిన నిర్వాకం చెప్పుకుంది. ఆయన నవ్వాపుకుని ఇంకో స్పాంజి ఇచ్చాడు.

ఆదివారం వదిన వచ్చింది, ఖాళీ తొట్టిని చూసింది. మరదలు తల వంచుకుని మొత్తం చెప్పింది. వదిన నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడింది.

"చేపల్ని కూడా తోమి వదిలేదానివే. ఏదీ, ఆ రెండోది తే. నువ్వు మాత్రం చేతులు కట్టుకుని నిలబడు."

వదినే స్పాంజి పెట్టింది. నీళ్ళలో గోధుమరంగు మడ్డి లేచింది. మరదలికి చేతులు దురద పెట్టాయి, కళ్ళలో నీళ్ళూ తిరిగాయి.

"వదినా, మా ఇంట్లో సింకు నిండా గిన్నెలు వదిలేసి వచ్చి నా పక్కన కూర్చునేవారు. అప్పుడు మనసులో తిట్టుకున్నాను. మీరు గిన్నెలు తోముతూ కూర్చునుంటే నేను మంచం దిగేదాన్ని కాదు. మీ రుణం తీర్చుకోలేను."

"మనసులోనా? మొహం మీదే కనపడేదిలే," అంది వదిన. అని, ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం వదిన కబురుపెట్టింది. మరదలు పరుగున వెళ్ళింది. కిటికీ దగ్గర గొట్టం పట్టుకుని నిలబడింది వదిన. నీళ్ళు పసుపు.

"పద, చేపలు తెచ్చుకుందాం. కొట్టు మూసేస్తారు."

వంటింటి సింకులో పొద్దుటి గిన్నెలు పేరుకుని ఉన్నాయి. మరదలు వాటిని చూసింది. చూసి, చెప్పులు వేసుకుని వదిన వెంట నడిచింది.