గిన్నెడు నీళ్ళకు సరిపడే నిజం

పొద్దున్నే పళ్ళు తోముకోకముందే ఆమె కుందేలు గిన్నె కడిగేది. సీసా గొట్టంతో పెడితే అది సరిగ్గా తాగదని వెడల్పాటి పింగాణీ గిన్నె కొన్నది. తాజా నీళ్ళు పోసి, కడిగిన ఆకులు తడితడిగా పక్కన పెట్టి, గిన్నె మీదికి వంగి ఒక నిజం చెప్పేది. "నిన్న నాకు తలనొప్పేమీ లేదు. పనెగ్గొట్టడానికి ఉందన్నాను." కుందేలు రెండు గుక్కలు తాగి తల ఎత్తేసేది. చిన్న నిజానికి అంతకంటే తాగదు.

అబద్ధం చెబితే మూతి కూడా తడుపుకోదు. ఒకసారి విన్న నిజాన్నే మళ్ళీ వినిపిస్తే చెవులు వెనక్కి వాల్చేస్తుంది.

ఇలాంటి కుందేలు పోయి పోయి ఆమెకే దొరకాలా? ఆమె పని బస్టాండులో మైకు ముందు కూర్చుని, "బస్సు మరికొద్దిసేపట్లో వచ్చేస్తుంది" అని చెప్పడం. బస్సు ఎక్కడుందో ఆమెకీ తెలియదు, ఆమె పై అధికారికీ తెలియదు. పద్నాలుగేళ్ళుగా ఆ మాట అంత తీయగా చెబుతోంది కాబట్టే అందరూ ఆమెని మైకమ్మ అంటారు.

కుందేలు నిజానికి పక్క వాటాలో ఉండే డ్రైవరుది. ఒంటిగాడు, కడుపులో మాటలన్నీ దానికే చెప్పుకుని పెంచాడు. రెండేళ్ళ కిందట అతనికి దూరపు డిపోకి బదిలీ అయింది. ఆ కాగితం పట్టుకుని ఆమె గుమ్మంలో నిలబడి, "రద్దు చెయ్యమని అర్జీ పెట్టుకోవచ్చటండీ. పెట్టమంటారా?" అని అడిగాడు. ఆమె చెప్పాలనుకున్నది ఒకటి. నోట్లోంచి మాత్రం మైకు గొంతే వచ్చింది.

"మీ ఇష్టమండీ. మధ్యలో నాదేముంది?"

అతను తలూపి వెళ్ళిపోయాడు. కొత్త చోట జంతువుల్ని రానివ్వరని కుందేలుని ఆమెకి అప్పగించాడు. పక్క వాటాకి ఇప్పటికీ తాళమే. సాయంత్రం ఇంటికొచ్చి ఆ తాళం చూడగానే ఆమెకి ఏడుపొచ్చేది.

ప్రతి గురువారం మధ్యాహ్నం అతని బస్సు ఈ బస్టాండులో పది నిమిషాలు ఆగుతుంది. అతను కిటికీ దగ్గరకొచ్చి, "తాగుతోందాండీ?" అంటాడు. ఆమె, "తాగుతోందండీ" అంటుంది. మిగిలిన తొమ్మిది నిమిషాలూ అతను దూరంగా నిలబడి టీ తాగుతుంటే ఆమె అద్దంలోంచి చూస్తుంది. వారమంతా ఆ తొమ్మిది నిమిషాల మీదే బతికేది.

ఆ ఎండాకాలం ఆమె దగ్గర చిన్న నిజాలు అయిపోయాయి. టికెట్ల గుమాస్తా ఇంటికి సాయానికి వచ్చి, "నువ్వు జుట్టు కత్తిరించుకున్నాక అస్సలు బాగాలేవక్కా" అంటే కుందేలు మూడు గుక్కలు తాగింది. ఊడ్చే పెద్దమ్మ తన అసలు వయసు చెబితే నాలుగు. ఒక గురువారం పొద్దుటికి కుందేలు లేవలేకపోయింది. పశువుల డాక్టరు మెడ మీద చర్మం లాగి వదిలితే అది మడతగానే నిలబడిపోయింది.

"ఒంట్లో తడి ఇంకిపోయింది. సూది వేశాను గానీ, అదెంతసేపు కాస్తుంది?" అన్నాడాయన. "సాయంత్రంలోగా గిన్నెడు నీళ్ళు తాగితే బతుకుతుంది. గిన్నెడుకి సరిపడేది నీ దగ్గర ఏదో ఒకటి ఉండే ఉంటుంది. దాచుకోకమ్మా, చెప్పెయ్."

దాన్ని బుట్టలో పెట్టుకుని డ్యూటీకొచ్చింది. గిన్నె మైకు పక్కన పెట్టింది. చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా ఎవరో ఒకరు వచ్చి బస్సెప్పుడని అడిగేవాళ్ళు. ఆమెకీ ఆ సాకే కావాలి. మధ్యాహ్నానికి కుందేలు కళ్ళు మూతలు పడ్డాయి.

"తాగుతోందాండీ?" కిటికీలో అతను.

"లేదండీ," అంది.

అతను గబగబా లోపలికొచ్చి దాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు. గిన్నె మూతి దగ్గర పెట్టి, ఆమె వైపు చూడకుండా దానితో అన్నాడు. "ఈ రూటు డిపోవాళ్ళు వాళ్ళంతట వాళ్ళు వేసింది కాదురా. నేనే అడిగి వేయించుకున్నాను. ఇక్కడ పది నిమిషాలు ఆగుతుందని."

కుందేలు ఒక కన్ను తెరిచింది. మెల్లగా పావు గిన్నె తాగింది.

ఆమె అతని వైపు తిరిగింది. కుర్చీ అంచు పట్టుకుంది. "ఆ రోజు మీ ఇష్టం అన్నాను చూడండి," అంది. "అది నా మాట కాదండీ. వెళ్ళొద్దన్నదే నా మాట. రెండేళ్ళనించీ రోజూ అదే."

కుందేలు మళ్ళీ వంగింది. ఈసారి ఆగకుండా తాగింది. గిన్నెలో ఇక కాసిని నీళ్ళే మిగిలాయి.

బయట కండక్టరు విజిలు వేశాడు. అతను కుందేలుని బల్ల మీద దించి లేచాడు. "రేపే అర్జీ పెడతానండీ. వచ్చేస్తాను," అన్నాడు.

వచ్చేస్తుంది, వచ్చేస్తుందని పద్నాలుగేళ్ళు జనానికి చెప్పిన మనిషి ఆమె. ఆ మాట నమ్మి ఎంతమంది బెంచీల మీద ఎండిపోయారో ఆమెకి తెలుసు. అందుకే అతని మొహం చూడలేదు, కుందేలు వైపు చూసింది. అతనూ తలుపు దగ్గర ఆగి దాని వైపే చూశాడు.

అది ముందుకాళ్ళు గిన్నె అంచున ఆనించి, అడుగు కనిపించేదాకా తాగింది.