మాత్ర వేసుకున్నావా

మా చెల్లెలు తనంతట తానే ఈ లోకం నుంచి వెళ్ళిపోయిన రోజు వాళ్ళింట్లో అందరికీ టీ పెట్టింది నేనే. ఎవరో ఒకరు పెట్టాలి కదా. ముందుగదిలో మాటలు వంటగదిలోకి వినబడుతున్నాయి. ఏడుపులు అయిపోయాక మనుషులకి ఒక కారణం కావాలి.

"మందులు మానేసింది. అందుకే ఇంతదాకా వచ్చింది," అంటున్నాడు చెల్లెలి భర్త.

"మానెయ్యడమేంట్రా, ఆ మందులే దాన్ని మింగేశాయి," అంది అతని తల్లి. "వచ్చిన కొత్తలో ఎంత చలాకీగా ఉండేది. బిళ్ళలు మొదలెట్టాక దానితో మాట్లాడితే గోడతో మాట్లాడినట్టే."

"మనసు గట్టిగా ఉంటే ఇవేవీ రావండీ," అన్నారు మా ఆయన.

మా మేనత్త అంతవరకూ మూలన కూర్చుని వింటోంది. "నా మనసు గట్టిదే నాయనా. అయినా వచ్చింది. ఆసుపత్రిలో తలకి కరెంటు పెట్టారు. ఆ తర్వాతే మళ్ళీ అన్నం రుచి తెలిసింది. కాకపోతే నా పెళ్ళి గుర్తు లేకుండా పోయింది. పోతే పోయింది, పెద్ద నష్టమేం కాదు."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఎటు చెప్పినా వాళ్ళు మాట్లాడుతున్నది చెల్లెలి గురించి కాదనిపించింది. చెల్లెలు బట్టలు కుట్టేది. ఆ మందు మొదలుపెట్టాక చేతులు వణికి సూదిలో దారం ఎక్కేది కాదు. "కుట్టు వంకరపోతోందక్కా, ఇచ్చినవాళ్ళు వెనక్కి తెస్తున్నారు," అని చెప్పుకుంది. డాక్టరు రాసింది రోజుకి ఒకటి. మందుల డబ్బా మాత్రం అత్తగారి బీరువాలో ఉండేది. చెల్లెలు నవ్వుతూ తిరిగిన రోజు, బాగానే ఉందిగా అని ఆవిడ సగం విరిచి ఇచ్చేది. ఎదురు చెప్పిన రోజు రెండు. ఆవిడ దుర్మార్గురాలేం కాదు. కూరలో ఉప్పు చూసుకున్నట్టే కోడలికి మందు చూసుకుంది. దాంతో ఆ మందు తనకి పనిచేసేదో లేదో తేల్చుకునే అవకాశం మా చెల్లెలికి దక్కనే లేదు. ఇప్పుడు ముందుగదిలో అందరూ తేల్చేస్తున్నారు.

నేనూ అదే మందు వేసుకుంటాను. ఈ సంగతి మా ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు. ఒకప్పుడు క్లాసులో పిల్లలు చేతులెత్తితే ఎవరి మాట ముందు వినాలో తెలియక బోర్డు వైపు తిరిగి నిలబడిపోయేదాన్ని. ఇప్పుడు వినగలుగుతున్నాను. నాకు చేతులు వణకలేదు. నోరు ఎండుతుంది, ఒళ్ళు వచ్చింది. ఏడుపు రావలసిన చోట రాదు. ఆ రోజు కూడా రాలేదు. "టీచరమ్మది గట్టి గుండె," అని మెచ్చుకున్నారు. తిన్న కంచం అక్కడే వదిలేశారేమని అడిగితే మా ఆయన తల కూడా ఎత్తకుండా, "ఇవాళ మాత్ర వేసుకున్నావా?" అంటారు. కోపానికి కారణం ఉండే హక్కు నాకు ఆ డాక్టరు గదిలోకి వెళ్ళిన రోజే పోయింది.

కప్పులు సర్దుతుంటే చెల్లెలి కూతురు వచ్చి పక్కన నిలబడింది. కాలేజీలో చదువుతోంది. తల్లి ముఖమే.

"పెద్దమ్మా, నాకూ నిద్ర పట్టట్లేదు. చాలా రోజుల్నుంచి. పుస్తకం తీస్తే అక్షరాలు కనబడతాయి గానీ లోపలికి ఎక్కవు. అమ్మకి చెబుదామనుకునేలోపే..."

ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేశాను.

"డాక్టర్ దగ్గరికెళ్తే అమ్మలా అయిపోతానా? వెళ్ళకపోతే అవుతానా? నువ్వు టీచరువి కదా, చెప్పు."

"ఇంకో రెండు కప్పులమ్మా," అని ముందుగదిలోంచి కేక.

"ఇవి ఇచ్చి రా, చెబుతాను," అన్నాను. ఇచ్చి వచ్చింది. దాని వెనకాలే మా ఆయనా వచ్చి నిలబడ్డారు. నేను చెప్పలేదు.

ఇంటికి వచ్చే దారిలో ఆయన నెమ్మదిగానే అన్నారు. "ఆ పిల్లకి డాక్టర్లూ గీక్టర్లూ అని ఎక్కించకు. పెళ్ళి కావలసిన పిల్ల. నీ సంగతి బయటపడితే మన పరువేం కావాలి? అసలు ఇదంతా చూశాకైనా నువ్వు మానెయ్యి."

నేను మానలేదు. అంతవరకు చేయగలిగాను.

ఆ పిల్లకి చెప్పవలసిన మాటలు మాత్రం పాఠం సిద్ధం చేసుకున్నట్టు సిద్ధం చేసుకున్నాను. నేనూ వేసుకుంటున్నాను. నాకు పనిచేసింది, కొంత తీసుకుంది కూడా. మీ అమ్మకి ఏం చేసి ఉండేదో నాకు తెలియదు. నీకు ఏం చేస్తుందో కూడా తెలియదు. నీ డబ్బా నీ దగ్గరే ఉండాలి. రోజూ ఎలా ఉందో నువ్వే చెప్పాలి, పక్కన కూర్చుని నేను వింటాను. ఇంతే. ఇది చెప్పాలంటే మొదటి మాట నా గురించి చెప్పాలి.

నిన్న ఫోన్ చేసింది. నిద్ర పడుతోందా అని అడిగాను. "అలవాటైపోయింది పెద్దమ్మా," అంది. అది తల్లి మాట, చేతుల వణుకు తగ్గిందా అని అడిగితే మా చెల్లెలూ ఇలాగే అనేది. అదే గొంతు. పక్క గదిలో మా ఆయన టీవీ చప్పుడు తగ్గించారు. బాగా తిను, జాగ్రత్త అని చెప్పి పెట్టేశాను.

ఆ పిల్లని డాక్టరు దగ్గరికి ఇంకా తీసుకెళ్ళలేదు.