సింహళం టికెట్లు

పెనుకొండలో నీలావతికి నెల్లాళ్లుగా ఒకటే కడుపుమంట. తోడికోడలు రత్నమ్మ ఇంటిల్లిపాదీ సింహళం పోతోందట! సముద్రం ఒడ్డున దొరలు దిగే హోటలట, మెత్తటి పరుపులట, దీవంతా తిరగడానికి కారట. తాను మాత్రం గోరంట్ల దాటి ఎరగదు.

ఆ ఉదయం రత్నమ్మ టికెట్లు తీసుకోవడానికి జట్కాలో బయల్దేరింది. బయల్దేరిన వాళ్లను ఎక్కడికని అడిగితే అపశకునమని నీలావతికి తెలుసు. తెలిసే, గడపలో నిలబడి గట్టిగా అడిగింది.

“యాడికి పోతాండావు, రత్నమ్మా?”

జట్కా నీలావతి వాకిట్లోనే ఆగింది. రత్నమ్మ ముఖం వాడిపోయింది.

“ఎంత పని చేస్తివక్కా! నీకూ టికెట్టు తీసుకుందామని, నిన్ను పిల్చుకోని పోనీకే వస్తాంటి. మొదట్లోనే అడ్డమొస్తే ఇంక సముద్రం యాడ దాటేది? జట్కా తిప్పప్పా.”