ఎండకు పెట్టిన డోలు

నేను ఒక డోలును. గుమ్మడి టేకు దుంగను తొలిచి, రెండు వైపులా తోలు బిగించి నన్ను చేసినవాడు ఇర్పా గంగయ్య. గోదావరి ఒడ్డున అడవిలో మాదొక కోయగూడెం. విత్తనాలు చల్లే ముందు వచ్చే భూమి పండగలో నా చప్పుడు లేనిదే ఎవరి కాలూ కదిలేది కాదు. గొప్పలు పోతున్నాననుకోకండి, డోలుకు అంతకంటే చెప్పుకోదగ్గది ఏముంటుంది?

గంగయ్య కొడుకు సోమరాజుకు యూనివర్సిటీలో ఎమ్మెస్సీ లెక్కల్లో సీటు వచ్చింది. మా గూడెంలో అంతవరకూ చదివినవాళ్లు లేరు. ఆ యూనివర్సిటీలో ఆదివాసీ విద్యార్థులకు అండగా ఒక కేంద్రం పెడుతున్నారు, విడిగా పాఠాలు కూడా చెప్పిస్తారట. ప్రారంభోత్సవానికి ఊరి డోలు తెమ్మన్నారు. "పండగకు మళ్ల తీస్కరా కొడకా" అంటూ గంగయ్య నన్ను కొడుకు భుజానికి తగిలించాడు.

వచ్చిన పెద్దలంతా నన్ను పట్టుకుని ఫొటోలు దిగారు. మర్నాడు గుమాస్తా నా పొట్ట మీద తెల్ల రంగుతో ఒక నంబరు వేశాడు. దాంతో నేను కేంద్రం ఆస్తినైపోయాను. పండగకు సోమరాజు అడిగితే, నంబరు పడ్డ సామాను గేటు దాటకూడదన్నారు. ఆ పండగ నేను లేకుండా ఎలా జరిగిందో నాకు తెలియదు.

పాఠాలు చెప్పే మాస్టారు రానేలేదు. అతిథులు మాత్రం వస్తూనే ఉన్నారు. చల్లబడితే నా తోలు పలకదు. గూడెంలో మంట దగ్గర కాచేవాళ్లు, యూనివర్సిటీలో మంట వేయనివ్వరు. అందుకని మధ్యాహ్నం అతిథి వస్తాడంటే సోమరాజు పొద్దున్నే నన్ను ఎండలో పెట్టి, అటూ ఇటూ తిప్పుతూ కూర్చోవాలి. పెద్దమనుషులు చెప్పిన వేళకు ఎప్పుడొచ్చారు గనక? ఆ రోజు క్లాసులన్నీ గోవిందా. కేంద్రం చూసే విశ్వేశ్వరం గారు మంచివారే. "నీ హాజరు సంగతి నేను చూసుకుంటాను కదయ్యా" అనేవారు. అన్నంతసేపూ నిజంగానే చూద్దామనుకునేవారు.

తీరా పరీక్షల ముందు, హాజరు చాలలేదని సోమరాజును పరీక్ష రాయనివ్వబోమన్నారు. పరుగున కేంద్రానికి వచ్చాడు.

"సార్, క్లాసులకు నేనెందుకు పోలేదో మీకెరికే గదా. ఒక్క మాట చెప్పున్రి."

"చెప్పానయ్యా. డోలు కొట్టడం హాజరు కిందికి రాదట. వచ్చే ఏడాది రాద్దువులే. ఎల్లుండి కమిటీ వస్తోంది, ఆదివాసీ పిల్లలు చదువు మధ్యలో ఎందుకు మానేస్తున్నారో చూడడానికి. నువ్వు తప్పకుండా ఉండాలి."

సోమరాజు నా దగ్గరికి వచ్చాడు. నా పక్కన కూర్చుని తోలు మీద అరచెయ్యి ఆనించాడు, కొట్టలేదు. "నాయిన ముందుగాల నీ గురించే అడుగుతడు" అన్నాడు నాతో. ఆ సాయంత్రమే ఊరికి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. నాకు దుఃఖం ఆగలేదు. ఎవరో కొడితే తప్ప గొంతు లేనిదాన్ని, ఎవరికి చెప్పుకోను?

కొట్టేవాడు లేక నన్ను ఊరికే బల్ల మీద పెట్టారు. కమిటీవారు నన్ను చేసిన పనితనం మెచ్చుకుని, భోజనం చేసి వెళ్లారు.

ఈ సంవత్సరం మడకం భీమేష్ అని మరో గూడెం పిల్లవాడు చేరాడు.

"డోలు కొట్టడం వచ్చా?" అని అడిగారు విశ్వేశ్వరం గారు.

"రాదు సార్. లెక్కలకు ట్యూషన్ చెప్తరంటే వచ్చిన."

"అదీ చూద్దాం. ముందు ఇది నేర్చుకో, వీడియోలున్నాయి. ఇవాళ మధ్యాహ్నం అతిథులొస్తున్నారు."

భీమేష్ నన్ను భుజానికెత్తుకుని ఎండ కోసం బయటికి నడిచాడు. దారిలో వాడి క్లాసు గది వచ్చింది. లోపల పాఠం అప్పుడే మొదలైంది.